భయం స్వభావంలోనే ఉందా?

1994 సెప్టెంబరులో సూరత్‌లో ఊపిరితిత్తుల ప్లేగు వార్త పాకగానే కొద్ది రోజుల్లోనే లక్షలాది మంది నగరం విడిచి వెళ్లారు. కొందరు టెట్రాసైక్లిన్ కోసం మందుల దుకాణాలపై ఎగబడ్డారు. వైద్యుల్లోనూ కొందరు తలుపులు మూసి వెళ్లిపోతే, మరికొందరు ఆసుపత్రిలోనే ఉండి చికిత్స చేశారు. ఆపద ఒకటే అయినా స్పందనలు ఇన్ని రకాలుగా ఎందుకున్నాయి?

‘ఎవరి స్వభావం వారిది’ అన్నది తేలికైన జవాబు. అందులో కొంత నిజముంది. త్వరగా ఆందోళన చెందే స్వభావం ఉన్నవారికి అదే ఒత్తిడి మరింత పెద్ద ముప్పుగా తోస్తుంది. కానీ 1950లలో హృద్రోగ నిపుణులు ఫ్రీడ్‌మన్, రోజెన్‌మన్ మొదలుపెట్టిన ‘టైప్ ఎ, టైప్ బి’ విభజన తర్వాతి పరిశోధనల్లో అంతగా నిలవలేదు.

ఒత్తిడిలో మనసు రెండు లెక్కలు వేస్తుందని లాజరస్, ఫోక్‌మన్ 1984లో వివరించారు. ముప్పు ఎంత? ఎదుర్కోవడానికి నా దగ్గర ఏముంది? ఇరుకు గదిలో పలువురితో ఉంటూ, నమ్మదగిన సమాచారం అందని మరమగ్గం కార్మికుడికి సొంతూరి రైలెక్కడమే దారిగా కనిపిస్తుంది. అతని వలన రోగం వ్యాపించే ప్రమాదం ఉన్నా, దాన్ని పిరికితనం అనడం అన్యాయం.

1995లో మున్సిపల్ కమిషనర్‌గా వచ్చిన ఎస్.ఆర్.రావు ఎవరి స్వభావాన్నీ మార్చలేదు. చెత్త ఎత్తించారు, అధికారులను రోజూ వీధుల్లోకి పంపారు. నగరం రూపు మారింది. విపత్తు వేళ ‘భయపడకండి’ అనే ప్రభుత్వాలు ముందుగా అందించాల్సింది భయం తగ్గడానికి తగిన కారణాలనే.