మోత ఎక్కువ, మాట తక్కువ

మన యిళ్లలో స్పీకర్లకు చోటు నిర్ణయించేవి చెవులు కావు, ఖాళీగా దొరికిన బల్లలు. డబ్బు పోసి జత కొని తెస్తాం. ఒకటి షోకేసు మీద కొండపల్లి బొమ్మల పక్కన కూచుంటుంది. రెండోది తలుపు వెనక, వైరు ఎంతవరకు వస్తే అంతవరకు. ఆపైన పాట పెట్టి, "అనుకున్నంత బాగా లేదే" అని నిట్టూర్చి, యింకా ఖరీదైనవి తెద్దామని మళ్లీ దుకాణం దారి పడతాం. యీ వారం నేను చెప్పబోయేది ఆ దుకాణానికి వెళ్లేముందు చెయ్యవలసిన పని. దానికి కావలసినవి కొలత టేపు ఒకటి, సుద్దముక్క ఒకటి, పెట్టెలు జరిపే ఓపికగల మనిషి ఒకరు.

శబ్దం గాలిలో సెకనుకు సుమారు 345 మీటర్ల వేగంతో పోతుంది. సెకనుకు 50 కంపనలుండే మంద్రస్వరం తీసుకుంటే దాని అల పొడవు దాదాపు 7 మీటర్లు. మన హాళ్లు చాలావాటికంటె అదే పొడుగు! 10,000 కంపనలుండే సన్నని శబ్దం అల పొడవు మూడున్నర సెంటీమీటర్లు మించదు. కథంతా యీ తేడాలోనే వుంది. సన్నని శబ్దం టార్చిలైటు వెలుగులాగా పెట్టె ముందుకు తిన్నగా పోతుంది; అడ్డంగా కుర్చీ వుంటే అక్కడే చాలావరకు ఆగిపోతుంది. మంద్రం అలా కాదు. పెట్టెకు నాలుగు పక్కలా వ్యాపించి, వెనక గోడకు తగిలి తిరిగివచ్చి, ముందుకు పోయేదానితో కలుస్తుంది. అంచేత పెట్టెను గోడకు ఆనిస్తే మోత పెరుగుతుంది. మూలకు తోస్తే రెండు గోడలూ నేలా కలిసి మరీ పెంచుతాయి. కొన్నవారికి మొదట సంబరంగానే వుంటుంది, "చూశారా, యింత చిన్న పెట్టెలో ఎంత గంభీరంగా వస్తోందో!" అని. నాలుగు రోజులు పోయాక తెలుస్తుంది, మృదంగం ఎడమవైపు దెబ్బలన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోయి గుమ్ము గుమ్ము మంటున్నాయని.

విజయవాడలో మా పెదనాన్నగారి యింట్లో యిటీవల యీ తమాషా చూశాను. ఆయనకు 78 ఏళ్లు. సాయంత్రం పూట టీవీలో పురాణ ప్రవచనం వినకపోతే ఆయనకు తోచదు. యిప్పటి పలచని టీవీలలో చాలావాటికి స్పీకర్లు అడుగునో వెనకనో వుంటాయి. మాట మన ముఖానికి తిన్నగా రాదు, గోడకో బల్లకో కొట్టుకుని వస్తుంది. ఆ సంగతి గమనించే మా అన్నయ్య విడిగా స్పీకర్ల జత తెచ్చి, టీవీకి చెరోవైపునా మూలల్లో పెట్టాడు. అయినా రోజూ అదే తగువు.

"ఒరే, కాస్త పెంచరా. ఒక్క ముక్క తెలియడం లేదు" అంటారు పెదనాన్నగారు.

"యింకా ఎంత పెంచమంటారు నాన్నగారూ! కింద వాటావాళ్లు యిప్పటికి రెండుసార్లు వచ్చి వెళ్లారు" అంటాడు అన్నయ్య.

లోపలి గదిలో పరీక్షకు చదువుకుంటున్న పిల్ల చెవుల్లో దూది పెట్టుకు కూచుంది. మా వదిన ఎవరి పక్షమూ వహించకుండా వంటింట్లో కుక్కరు మూత తీస్తోంది.

యిక్కడ ఒక సంగతి చెప్పాలి. వయస్సు మళ్లినకొద్దీ మనిషికి ముందుగా తగ్గేది సన్నని శబ్దాల వినికిడి. మాటలో అచ్చులకు బలం ఎక్కువ, స్థాయి తక్కువ. స, శ, త, ట, చ వంటి హల్లులు బలహీనమైనవి. వాటిని గుర్తుపట్టించేది పై స్థాయి శబ్దమే. పెద్దవాళ్లకు అచ్చులు వినపడుతూనే వుంటాయి, హల్లులు జారిపోతాయి. "వినిపిస్తోంది గాని తెలియడం లేదు" అని వారంటే మనం విసుక్కుంటాం గాని, అది అక్షరాలా నిజం. దానికి తోడు మూలనున్న పెట్టె మోత కూడా కలిస్తే, ఉన్న కాసిని హల్లులూ ఆ మోత కింద మునిగిపోతాయి. ధ్వని పెంచితే మాటతోపాటు మోతా పెరుగుతుంది. లాభం మాత్రం సున్న.

ఆ సాయంత్రం నేనూ అన్నయ్యా కలిసి పెట్టెలు రెండింటినీ మూలల్లోంచి యివతలికి లాగాం. వెనక గోడకు రెండడుగులు, పక్క గోడకు అంతకంటె కాస్త ఎక్కువ. రెండు పెట్టెల మధ్య ఆరడుగులు. ఒక్కొక్కదానినుంచి పెదనాన్నగారి పడకకుర్చీకి ఆరడుగులు. అంటే మూడు భుజాలూ సమానమైన త్రిభుజం అన్నమాట. మీ గది పెద్దదైతే ఏడో ఎనిమిదో పెట్టుకోండి, మూడూ సమానంగా వుంటే సరి. తరవాత పెట్టెల ముఖాలు కాస్త లోపలికి, ఆయన భుజాలకేసి తిప్పాం. యిక ఎత్తు. పెట్టెలో సన్నని శబ్దం పలికే చిన్న స్పీకరును ట్వీటరంటారు. అది కూచున్న మనిషి చెవికి సమంగా వుండాలి. పడకకుర్చీ లోతైనది కదా, కొలిస్తే ఆయన చెవి నేలకు 33 అంగుళాలే వచ్చింది. దానికి తగిన స్టూళ్లు రెండు వెతికి తెచ్చాం. చాప మీద కూచుని వినే యిళ్లలో అంత కిందికి దించడం కుదరకపోతే, పెట్టె వెనక అంచు కింద చిన్న చెక్కముక్క దోపి ముఖం కిందికి వంచినా చాలు.

ధ్వని అంతకుముందుకంటె బాగా తగ్గించి పెట్టాం. పెదనాన్నగారు రెండు నిమిషాలు విని, "ఏమిట్రా, శాస్త్రిగారికి జలుబు తగ్గినట్టుందే!" అన్నారు.

మా వదిన మాత్రం గుమ్మంలో నిలబడి, "బాగానే వుందయ్యా మరిదీ, మరి నేను యిల్లు తుడిచేదెట్లా? పిల్లలు నడిచేదెట్లా?" అంది. సబబైన మాటే. హాలంటే పాట కోసం కట్టించుకున్నది కాదు గదా. నేను సుద్దతో గుర్తులు పెట్టబోతే, రేపటి తడిగుడ్డతో పోతాయని ఆవిడే రంగు టేపు ముక్కలు తెచ్చి నేలకు అంటించింది. విన్నంతసేపూ పెట్టెలు గుర్తు మీద వుంటాయి, అయ్యాక గోడ దగ్గరకు పోతాయి. వైరు కాలికి తగలకుండా గోడ వెంబడే రావాలని కూడా ఆవిడే షరతు పెట్టింది.

పెట్టె చోటు ఎంత ముఖ్యమో కుర్చీ చోటూ అంతే. 12 అడుగుల చదరపు గదిలో సెకనుకు సుమారు 47 కంపనల స్వరం ఎదురెదురు గోడల మధ్య చిక్కుకుని, గోడల దగ్గర ఉబ్బిపోయి, గది నడిమధ్య దాదాపు మాయమవుతుంది. పొడవూ వెడల్పూ ఒకటే కాబట్టి రెండు జతల గోడలూ ఒకే స్వరాన్ని పట్టుకుంటాయి. చదరపు గది సంగీతానికి మంచిది కాదనడం అందుకే. కాబట్టి వీపు గోడకు ఆనించీ కూచోవద్దు, సరిగ్గా మధ్యనా కూచోవద్దు. కుర్చీ ఒక అడుగు జరిపి చూడండి, ఆశ్చర్యపోతారు. మోత కోసం విడిగా వుండే పెద్ద పెట్టె, సబ్‌ఊఫరు, కొన్నవారికి ఒక చిట్కా వుంది. దాన్ని మీరు కూచునే చోట పెట్టి, తంబురా శ్రుతివంటి మంద్రస్వరమేదైనా మోగిస్తూ, గోడల వెంబడి వంగి పాకుతూ వినండి. ఎక్కడ స్పష్టంగా, సమంగా వినిపిస్తే పెట్టెకు అదే చోటు. చుట్టాలు లేని సమయం చూసుకోవడం మంచిది.

రెండు పెట్టెలు ఎందుకయ్యా అని అడిగేవారున్నారు. అలాన్ బ్లమ్లీన్ అనే బ్రిటిషు యింజనీరు భార్యతో సినిమాకు వెళ్లి, నటుడు తెర మీద అటునుంచి యిటు నడుస్తున్నా గొంతు మాత్రం ఒకే చోటునుంచి రావడం సహించలేకపోయాడని చెబుతారు. 1931లో రెండు దారుల ధ్వనిముద్రణకు పేటెంటు కోసం దరఖాస్తు పెట్టాడు. అటువంటి గ్రామఫోను రికార్డులు 1957, 58 సంవత్సరాలలో బజారుకు వచ్చేనాటికి ఆయన లేడు. 1942లో రాడార్ పరికరం పరీక్షిస్తున్న విమానం కూలి, 38 ఏళ్లకే పోయాడు.

మన 'మిస్సమ్మ' (1955), 'మాయాబజార్' (1957) పాటల పాత రికార్డులు ఒకే దారివి. పరీక్షకు వీటిని మించినవి లేవు. పెట్టె రెండు వైపులా ఒకే శబ్దం వస్తుంది కనుక, గాయకుడి గొంతు రెండు పెట్టెల సరిమధ్యన, ఏమీ లేని చోటునుంచి వినిపించాలి. ఒక పక్కకు లాగుతుంటే టేపుతో మళ్లీ కొలవండి. శబ్దం అడుగు దూరం దాటడానికి సెకనులో వెయ్యోవంతు కూడా పట్టదు గాని, ముందు వచ్చినవైపే చెవి మొగ్గుతుంది. గొంతు ఎక్కడుందో తెలియకుండా తల చుట్టూ తిరుగుతూ, మోత పలచబడితే వైర్లు చూడండి. ఒక పెట్టెకు ఎరుపూ నలుపూ తారుమారై వుంటాయి. ఒకటి గాలిని ముందుకు తోస్తుంటే రెండోది వెనక్కు లాగుతోందన్నమాట.

యిక గది. నడుమ నిలబడి గట్టిగా చప్పట్లు కొట్టండి. "టంగ్" మని సాగితే గ్రానైటు నేలా, బోసిగోడలూ, అద్దాల కిటికీలూ శబ్దాన్ని బంతాట ఆడుతున్నాయని అర్థం. పెట్టెలకూ మీకూ మధ్య జంపఖానా పరవండి, కిటికీకి దళసరి తెర వెయ్యండి, మీ వెనక గోడకు పుస్తకాల బీరువా చేర్చండి. గోడలకు కోడిగుడ్ల అట్టలు అంటించడం దండగ. మోతను అవి యేమీ చెయ్యలేవు, నిప్పంటుకుంటే ప్రమాదం కూడా. షోకేసు అద్దాలూ బొమ్మలూ పాటతో పాటు గిరగిరమంటే స్పీకరు పాడైందనుకోకండి, దాన్ని అక్కణ్ణించి దింపండి. స్టూలు కింద రబ్బరు ముక్కలు పెడితే కింద వాటావాళ్లకు కూడా కొంత సుఖం.

యిన్ని చేశాకా పెద్దవాళ్లు "ఆఁ?" అంటూనే వుంటే పెట్టెలు మళ్లీ జరపకండి. చెవుల డాక్టరుకు చూపించండి. ఒక్కోసారి గుబిలి తీయిస్తే తీరిపోయే బాధే అయివుంటుంది.