నలభై రెండో రోజు

తాగుడు మానడం గురించి మన ఊళ్లలో రెండే మాటలు వినిపిస్తాయి. "మనసు గట్టిగా ఉంటే ఎవడైనా మానేస్తాడు" అనేది ఒకటి. "వాడింతే, కాటికి పోయేదాకా మానడు" అనేది రెండోది. ఈ రెండూ తప్పేనని మా అభిప్రాయం. హాస్టళ్లలో చదువుకున్న మనకు ఇది పుస్తకాల్లో నేర్చుకున్న విషయం కాదు. అమ్మానాన్నల కూలి డబ్బులు కల్లు కాంపౌండుకో, వైన్ షాపుకో పోవడం చూస్తూ పెరిగినవాళ్లం మనలో చాలామందిమి ఉన్నాం. అందుకే వార్షికోత్సవ సంచికలో ఈ చేదు మాటకు కూడా చోటుండాలనుకున్నాం.

అయ్యప్ప దీక్షనే తీసుకోండి. ఏడాదంతా తాగే మనిషి మాల వేసుకుంటే 41 రోజులు చుక్క ముట్టడు. శ్రమల దినాల్లో మానేసే క్రైస్తవులు, రంజాన్ నెలలో మానేసే ముస్లిం సోదరులు కూడా మనకు తెలుసు. మరి "వాడు మానలేడు" అనడం ఎలా నిజమవుతుంది? అయితే శబరిమల నుంచి వచ్చి మాల తీసిన నలభై రెండో రోజు సాయంత్రానికే సీసా పట్టేవాళ్లు ఎందరో! ఊరంతా నవ్వుతుంది. నవ్వడం తేలిక. ఆ 41 రోజులు ఏది పనిచేసిందో ఆలోచించడమే కష్టం.

పనిచేసింది ఒక్క మనోబలమే కాదు. తెల్లవారుజామున చన్నీటి స్నానం, వేళకు భిక్ష, తాగే వేళకు భజన. చుట్టూ తాగని స్వాములు. నిన్నటిదాకా "ఒరేయ్" అన్నవాళ్లే "స్వామీ" అని పిలుస్తారు. ఒక దినచర్య, ఒక తోడు, ఒక గౌరవం! నలభై రెండో రోజున ఈ మూడూ ఒక్కసారే పోతాయి. పాత దోస్తులు, పాత అప్పులు, పాత పిలుపు తిరిగొస్తాయి. కాబట్టి మానాలనుకునే మనిషి వెతుక్కోవలసింది ఆ రోజు తర్వాత కూడా తనతో మిగిలే దినచర్యను, తోడును, గౌరవాన్ని. అవి ఒకరికి గుడిలో దొరకవచ్చు, ఒకరికి చర్చిలో, ఒకరికి డాక్టరు దగ్గర, ఒకరికి కొత్త పనిలో. 1935లో అమెరికాలోని ఆక్రన్ పట్టణంలో ఒక షేర్ల వ్యాపారి, ఒక సర్జన్ కలిసి మాట్లాడుకుంటూ తాగుడుకు దూరంగా నిలబడ్డారు. ఆల్కహాలిక్స్ అనానిమస్ అలా పుట్టింది. అక్కడ ఫీజు లేదు, ఇంటిపేరు అడగరు. అది కూడా ఒక దారే గాని అందరికీ అదే దారి కాదు. "నేనిలా మానాను, నువ్వూ ఇలాగే మానాలి" అని పట్టుబట్టడం న్యాయం కాదు.

సొంత దారి అంటే ఒంటరి దారి అని మాత్రం అనుకోవద్దు. రోజూ ఎక్కువగా తాగే మనిషి ఒక్కసారిగా ఆపేస్తే ఒక రోజులోపే చేతులు వణకడం, చెమటలు, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. కొందరికి రెండు మూడు రోజుల్లో ఫిట్స్, మతిభ్రమ కూడా రావచ్చు. మనవాళ్లు గాలి సోకిందని భూతవైద్యుడి దగ్గరికి తీసుకెళ్తారు. అది ప్రాణం మీదికి తెచ్చే జబ్బు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో కల్లు దొరకక ఎందరో హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి చేరారు. కల్తీ కల్లులో కలిపే ఆల్ప్రజోలం వంటి మందులకు వాళ్ల శరీరాలు అలవాటుపడిపోయాయి. అది మనోబలం లేకపోవడమా? అలాగే మాన్పించే మందును తెలియకుండా కూరలో కలపడమూ ప్రమాదమే. దాని మీద తాగితే ప్రాణాపాయం. మందు ఏదైనా డాక్టరు చెప్పి, అతనికి తెలిసే ఇవ్వాలి.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట తల్లులు సారా మీద తిరగబడ్డారు. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. 1997లో మద్య నిషేధాన్ని సడలించారు. ఆ తల్లుల పోరాటానికి మన నమస్కారం. కానీ అంగడి మూయించడం ఒక పని, తాగుడుకు బానిసైన మనిషిని నిలబెట్టడం మరో పని. ఆ రెండో పని ఇంకా మిగిలే ఉంది.

అది మన హాస్టల్లోనూ మిగిలి ఉంది. గుట్కా, గంజాయి హాస్టల్ గోడలు దాటి వస్తున్నాయి. దొరికిన పిల్లవాణ్ని ఇంటికి పంపేయడం చికిత్స కాదు. అతని చదువు పోతుంది, అలవాటు మాత్రం వెంటే పోతుంది. 1985 నాటి మత్తుమందుల చట్టమే 64ఎ సెక్షన్‌లో, కొద్ది పరిమాణంతో పట్టుబడిన బానిస తనంతట తాను ప్రభుత్వ గుర్తింపు ఉన్న చోట చికిత్స చేయించుకుంటే ప్రాసిక్యూషన్ నుంచి మినహాయింపు ఇస్తోంది. చట్టం చూపిన దయ మన హాస్టళ్లు చూపలేవా?

అన్నలారా, తమ్ముళ్లారా, అక్కాచెల్లెళ్లారా! 14446 నంబరును, మానసిక సాయానికి 14416ను నోటీసు బోర్డు మీద పెద్దక్షరాలతో రాయిద్దాం. సెలవులకు ఊరెళ్లినప్పుడు, మానాలని చూస్తున్న మనిషిని తాగుబోతు అని కాక వరసపెట్టి పిలుద్దాం. సాయంత్రం ఆరింటికి, కాళ్లు అంగడి వైపు లాగే వేళకు, అతని పక్కన కూర్చుందాం. మళ్లీ తాగాడని తెలిస్తే మొదటి రోజు నుంచి లెక్క మళ్లీ మొదలుపెడదాం. మన ఇళ్లలో మొదటిసారి డిగ్రీ చదివింది మనమే. ఆ చదువు మన ఇంటి మనిషికి నలభై రెండో రోజున తోడుండాలి.

జై భీమ్!