మాటను మోసిన టవర్లు

చెన్నైలో పాత టెలిఫోన్ భవనాల పైకి ఓసారి తలెత్తి చూడండి. ఎరుపు, తెలుపు పట్టీల ఇనుప టవరుకు డోలు ఆకారంలో పెద్ద యాంటెనాలు కనిపిస్తే, అవి ఆకాశం కేసి కాక దూరపు ఊళ్ల కేసి తిరిగి ఉంటాయి. ఫోన్ మాటలను మోసే మైక్రోవేవ్ తరంగాలు తిన్నగానే ప్రయాణిస్తాయి. అందుకే సుమారు 50 కిలోమీటర్లకొక టవరు నిలబెట్టి, మాటను అంచెలంచెలుగా దాటించారు.

మన దేశంలో తొలి మైక్రోవేవ్ మార్గం 1965లో కలకత్తా, అసన్సోల్ మధ్య మొదలైంది. ట్రంకు కాల్ బుక్ చేసి గంటల తరబడి కాచుకున్న తరానికి, నేరుగా డయల్ చేసే ఎస్టీడీ చేరువ కావడంలో ఈ టవర్లకూ పాలుంది.

యాంటెనా నుంచి కిందికి దిగే వేవ్‌గైడ్ గొట్టంలో తేమ చేరకుండా పొడిగాలి నింపి ఉంచేవారు. మీటరు ముల్లు పడిపోయిందంటే ఎక్కడో గాలి పోతున్నట్టే. ఉప్పుగాలి వీచే ఊళ్లో అది రాత్రింబవళ్ల కాపలా.

ఆప్టికల్ ఫైబర్ వచ్చాక వీటి అవసరం తగ్గింది. అయినా లండన్‌లో ఇదే పని చేసిన, 1965లో ప్రారంభమైన పోస్టాఫీసు టవరును 2003లో రక్షిత కట్టడాల జాబితాలో చేర్చారు. తమిళనాడులో వారసత్వ కమిషన్ చట్టం 2012లోనే వచ్చింది. దాని రక్షణ ఇలాంటి నిర్మాణాలకూ అందాలి.

తుప్పుపట్టిన ప్రతి టవరునూ నిలబెట్టమనడం లేదు. ఒక్కదాన్నయినా యాంటెనాలతో సహా కాపాడాలి. మిగతావి విప్పేముందు ఫొటోలు, రూట్ మ్యాపులు, లాగ్‌బుక్కులు భద్రపరచాలి. ఈ టవర్ల స్టేషన్లలో పనిచేసిన పాఠకులు మాకు రాయండి. మీ అనుభవాలను వచ్చే సంచికల్లో అచ్చువేస్తాం.

— సంపాదకుడు