లంచగొండుల్ని పట్టినాయన ఓటడిగితే

లంచాలు తిన్న పెద్దల్ని జైలుకి పంపిన సర్కారు వకీలు రేపు ఎలక్షన్లో నిలబడితే మనం ఓటెయ్యొద్దా? మన మీటింగుల్లో తరచూ వచ్చే ప్రశ్న ఇది. మేం న్యూయార్కు సంగతొకటి చెప్తాం, వినండి.

రూడీ జూలియానీ 1983 నుంచి 1989 దాకా అక్కడ కేంద్ర ప్రభుత్వ ప్రాసిక్యూటరు. మన జిల్లా కోర్టు పీపీ లాంటోడే, కాకపోతే అధికారం చాలా పెద్దది. మాఫియా నాయకుల్ని బోనెక్కించాడు. పార్కింగ్ జరిమానాలు వసూలు చేసే ఆఫీసుని లంచాల అడ్డా చేసుకున్న కేసులో, బ్రాంక్స్ డెమొక్రాటిక్ పార్టీ పెద్ద స్టాన్లీ ఫ్రీడ్‌మన్ మీద 1986లో తనే నిలబడి వాదించి శిక్ష వేయించాడు. అది మంచి పనే. కాదనడానికి మాకు నోరు రాదు.

ఆ పేరు పెట్టుకునే 1989లో మేయరు పదవికి దిగాడు. ఓడించినాయన డేవిడ్ డింకిన్స్, ఆ నగరానికి మొట్టమొదటి నల్లజాతి మేయరు. పోలీసుల మీద జనం ఇచ్చే ఫిర్యాదుల విచారణ పోలీసు శాఖ చేతిలో ఉండకూడదన్నాడు డింకిన్స్. అంతే, 1992 సెప్టెంబరులో డ్యూటీలో లేని పోలీసులు వేలమంది సిటీ హాలు మీదికొచ్చారు. మేయర్ని జాతి పేరు పెట్టి తిట్టారు. కులం పేరుతో తిట్లు తిన్న మనకి ఆ తిట్లెలా ఉంటాయో వేరే చెప్పాలా? ఆ గుంపు ముందు మైకు పట్టుకుని మాట్లాడినోడు ఈ జూలియానీయే. మరుసటేడు మేయరయ్యాడు.

1999 ఫిబ్రవరిలో అమదూ డియాలో అనే వీధి వ్యాపారిని, గినియా నుంచి వచ్చిన నల్లజాతి కుర్రాణ్ణి, అతను ఉండే ఇంటి గుమ్మంలోనే నలుగురు పోలీసులు 41 తూటాలు పేల్చి చంపారు. అతని చేతిలో ఆయుధం లేదు. ఏడాది తిరిగేసరికి నలుగురూ నిర్దోషులైపోయారు. 2000 మార్చిలో ప్యాట్రిక్ డోరిస్మండ్. మఫ్టీ పోలీసు గంజాయి కావాలని అడిగితే కాదన్నాడు, గొడవైంది, కాల్చేశారు. అప్పుడు మేయరుగారు ఏం చేశాడు? చట్టం మూసిపెట్టిన డోరిస్మండ్ చిన్నప్పటి కేసు కాగితాల్ని బయటపెట్టించాడు! కాల్చినోడి ఫైలు కాదు, చచ్చినోడి ఫైలు. చుండూరులో 1991లో మనవాళ్లని నరికి గోతాల్లో కుక్కి కాలవలో పడేశాక కూడా, ఆడాళ్ల జోలికొచ్చారన్న నింద మనమీదే వేశారు గదా.

అందుకే అంటున్నాం, లంచగొండుల్ని పట్టినాయన మన వాడకొస్తే దండ వేసే ముందు అడగండి: అయ్యా, లాకప్పులో చచ్చిన మావాడి ఫైలు ఎప్పుడన్నా తెరిచావా?

జూలియానీ కథ అక్కడితో అయిపోలేదు. 2020 ఎన్నికల్లో ట్రంప్ ఓడిపోతే, జార్జియాలో ఓట్లు లెక్కించిన ఇద్దరు నల్లజాతి స్త్రీలు, తల్లీకూతుళ్లు, ఓట్ల దొంగతనం చేశారని ఊరూరా చెప్పాడు. అంతా అబద్ధం. చంపుతామన్న బెదిరింపులకి ఆ తల్లి ఇల్లొదిలి పోవాల్సొచ్చింది. 2023 డిసెంబరులో జ్యూరీ ఆ ఇద్దరికీ 14.8 కోట్ల డాలర్లు కట్టమని తీర్పిచ్చింది. 2024 జులైలో న్యూయార్కు కోర్టు ఆయన వకీలు పట్టా తీసేసింది. ఒకప్పుడు ఫ్రీడ్‌మన్‌కి శిక్ష వేయించిన పట్టా అదే.