పొదుపు ట్రాన్స్‌ఫార్మరు దగ్గర మొదలుపెట్టండి

విద్యుత్ సంస్కరణలనే మాట మనకు కొత్త కాదు. 1998లో ఉమ్మడి రాష్ట్రంలో సంస్కరణల చట్టం చేశారు. ప్రపంచ బ్యాంకు అప్పు వచ్చింది, విద్యుత్ బోర్డు ముక్కలైంది. 2000లో ఛార్జీలు పెంచారు. పెంపును వ్యతిరేకించినందుకు ఆ ఏడాది ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో కాల్పులు జరిపారు. ముగ్గురు ప్రాణాలు పోయాయి. 2004లో వచ్చిన ఉచిత విద్యుత్తు ఎవరి దయాదాక్షిణ్యమూ కాదు, ఆ పోరాట ఫలితం.

ఇప్పుడు సంస్కరణ ‘ఇంధన పొదుపు’ పేరుతో వస్తోంది. రైతు మోటారు కరెంటు తాగేస్తోందట, మీటరు పెడితే తప్ప దుబారా ఆగదట. పొదుపుకు మనం వ్యతిరేకం కాదు. భూగర్భ జలం అడుగంటితే ముందు ఎండేది మన చేనే. కాని దుబారా ఎక్కడ జరుగుతోందో ముందు తేల్చాలి.

మన ఊళ్లలో ఏం జరుగుతోంది? ట్రాన్స్‌ఫార్మరు మీద మోయలేనన్ని మోటార్లు ఉంటాయి. అక్కడి నుంచి తీగలు చేల మీదుగా వేలాడుతూ దూరం పోతాయి. చివరి బోరుకు చేరేసరికి ఓల్టేజి పడిపోతుంది. ఓల్టేజి పడితే మోటారు ఎక్కువ కరెంటు లాగి, వేడెక్కి, కాలిపోతుంది. వైండింగ్ చేయించి తెస్తే మునుపటిలా నీళ్లు పోయదు. లో ఓల్టేజిని తట్టుకోవాలని రైతు అవసరానికి మించిన హార్స్‌పవర్ మోటారు దించుతాడు. ట్రాన్స్‌ఫార్మరు మీద భారం ఇంకా పెరుగుతుంది. ఈ నష్టమంతా చివరికి మన ఖాతాలోనే రాస్తున్నారు.

ఉచిత విద్యుత్తు ఇచ్చిన తొలి ఏళ్లలోనే మనకు నాలుగు షరతులు పెట్టారు. ఐ.ఎస్.ఐ. మోటారు, కెపాసిటరు, నీటిని సులువుగా వదిలే ఫుట్‌వాల్వు, నున్నటి పైపులు. నాలుగూ మంచివే. కెపాసిటరు బిగిస్తే లైను మీద భారం తగ్గుతుంది, ప్రతి రైతూ బిగించుకోవాలి. కాని నాలుగూ రైతు వైపు చేయాల్సిన పనులే. ఎన్ని స్టార్లున్న మోటారైనా సరైన ఓల్టేజి ఉంటేనే ఆ పొదుపు చూపిస్తుంది.

ఇక మీటర్ల సంగతి. 2020లో కేంద్రం రాష్ట్రాలకు అదనపు అప్పు తెచ్చుకునే వీలిచ్చి, అందులో కొంత భాగానికి విద్యుత్ సంస్కరణలతో ముడిపెట్టింది. ఆ సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మోటార్లకు మీటర్లు, రైతు ఖాతాకు నగదు అంటూ ఉత్తర్వు ఇచ్చి శ్రీకాకుళం జిల్లాలో మొదలుపెట్టింది. తెలంగాణ ప్రభుత్వం మీటర్లు పెట్టబోమంది. కాబట్టి ఇది తప్పించుకోలేనిదేమీ కాదు.

వాడకం లెక్క తేలాలి కదా అంటారు. తేలాలి. వ్యవసాయం పేరు చెప్పి లైన్ల నష్టాలను, దొంగ కరెంటును కప్పిపుచ్చకూడదని మనమే అడుగుతున్నాం. ఆ లెక్కకు ఫీడరు దగ్గర, ట్రాన్స్‌ఫార్మరు దగ్గర మీటర్లు చాలు. ప్రతి బోరుకూ మీటరు పెట్టేది బిల్లు వేయడానికే. డబ్బు ఖాతాలో వేస్తామన్న మాట ఎంతవరకు నిలుస్తుందో వంటగ్యాసు దగ్గర చూశాం. 2020 మే తర్వాత చాలామంది ఖాతాల్లో సబ్సిడీ పడటమే ఆగిపోయింది. పైగా కనెక్షన్ భూయజమాని పేరు మీద ఉంటుంది. సాగు చేసేది కౌలు రైతు. నగదు ఒకరి ఖాతాలో, బిల్లు బాధ ఇంకొకరి నెత్తిన.

2021లో కేంద్రం డిస్కంల కోసం మూడు లక్షల కోట్ల రూపాయలకు పైగా అంచనాతో పథకం తెచ్చింది. అందులో స్మార్ట్ మీటర్లే కాదు, వ్యవసాయ ఫీడర్లను వేరుచేయడం, లైన్లు బాగుచేయడం కూడా ఉన్నాయి. ఆ రెండో పని ముందు చేయమంటున్నాం.

మన కోర్కెలు ఇవి: భారం మించిన చోట అదనపు ట్రాన్స్‌ఫార్మరు వేయాలి. పెద్ద లైనును చేల దాకా తెచ్చి, కొద్ది మోటార్లకొక చిన్న ట్రాన్స్‌ఫార్మరు పెట్టాలి. పగటిపూట సరైన ఓల్టేజితో కరెంటివ్వాలి. పాత మోటార్ల స్థానంలో పొదుపు మోటార్లు ప్రభుత్వ ఖర్చుతో బిగించాలి. బోరుకు మీటరు వద్దు.

కోరికలు కాగితం మీద ఉంటే సరిపోదు. ట్రాన్స్‌ఫార్మరు కాలిన రోజు, గంట రాసిపెట్టుకోండి. పల్లెల్లో 48 గంటల్లో మార్చాలన్నది ఆంధ్రప్రదేశ్ విద్యుత్ నియంత్రణ మండలి నిబంధన. లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేసి రసీదు తీసుకోండి. మండలి ఏటా డిస్కంల లెక్కలపై బహిరంగ విచారణ జరుపుతుంది. ప్రతి మండలం నుంచి ఈ రసీదులతో వెళదాం. దుబారా ఎవరిదో అక్కడే లెక్క తేలుద్దాం.