బండి కుదుర్చుకునే ముందు తలలు లెక్కపెట్టండి

కార్తీకంలో వనభోజనాలు, చలికాలంలో అరకు, బొర్రా గుహలు, కొత్త అమావాస్యకు అనకాపల్లి నూకాంబిక జాతర, ఆపైన సింహాచలం చందనోత్సవం. మన పల్లెల్లో ఏడాది పొడుగునా ఏదో ఒక ప్రయాణం ఉంటూనే ఉంటుంది. పోర్టులోనో ఉక్కు కర్మాగారంలోనో పనిచేసే కొడుకు సెలవుకు వస్తే ఇంటిల్లిపాదీ బయలుదేరతారు. సంతోషమే. కాని బండి కుదుర్చుకునే తీరు మాత్రం బాగాలేదు. “ఎంతకు వస్తావు?” అని అడిగేవారే గాని, “ఎందరు కూర్చోవచ్చు?” అని అడిగేవారు అరుదు.

2015 జూన్ 13న జరిగిన ఘోరాన్ని ఈ ప్రాంతం మరువలేదు. తిరుపతి వెళ్లి తిరిగివస్తున్న అచ్యుతాపురం ప్రాంతంవారి వ్యాను రాత్రివేళ ధవళేశ్వరం బ్యారేజీ పైనుంచి పడిపోయింది. 23 మందిలో మిగిలింది ఒక్క బాలుడు. 2021 ఫిబ్రవరి 12న అరకు చూసి వస్తున్న పర్యాటకుల బస్సు డముకు దగ్గర లోయలో పడి నలుగురు మరణించారు.

కనుక బయానా ఇచ్చే ముందు నాలుగు సంగతులు చూసుకోవాలి. మొదటిది, ఆర్‌సీలో రాసిన సీట్ల సంఖ్య. అందులో డ్రైవరు సీటు కూడా కలిసే ఉంటుంది. రెండవది, అది మనుషులను ఎక్కించుకునే బండా, సరుకుల బండా అన్నది. పసుపు నంబరు పలక రెండింటికీ ఉంటుంది కనుక పలక చూసి మోసపోరాదు. సరుకుల బండిలో ఊరికే ఎక్కినవారికి నష్టపరిహారం చెల్లించే బాధ్యత బీమా కంపెనీకి లేదని సుప్రీంకోర్టు 2002లోనే ఆశారాణి కేసులో తేల్చింది. మూడవది, డ్రైవరు ఘాట్ రోడ్డు ఎరిగినవాడేనా అన్నది. దిగేటప్పుడు కింది గేరులో దింపాలి. బ్రేకు మీదే భారం వేస్తే అది వేడెక్కి పట్టు తప్పుతుంది. నాలుగవది, అతనికి నిద్ర. పగలంతా తోలినవానిచేత రాత్రి కూడా తోలించడం తగదు.

“పేదవాళ్లం, పెద్ద బండికి డబ్బెక్కడిది?” అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. నాలుగైదు కుటుంబాలు కలిస్తే ఆర్టీసీ బస్సును అద్దెకు తీసుకోవచ్చు. అరకుకైతే విశాఖ నుంచి కిరండూల్ వెళ్లే రైలు ఉండనే ఉంది. కొత్తవలస, శృంగవరపుకోట మీదుగా బొర్రా, అరకు చేరుస్తుంది. పిల్లలకు సొరంగాలు చూసే సరదా కూడా తీరుతుంది.

అధికారుల బాధ్యతా ఉంది. 2019 సవరణ ప్రకారం అదనంగా ఎక్కిన ఒక్కొక్కరికి 200 రూపాయల జరిమానా. జాతరనాడు రోడ్డు మీద ఆపి జరిమానా రాసినంత మాత్రాన పని తీరదు. జాతరకు వారం ముందే ఆర్టీసీ డిపోలవారు పంచాయతీలకు వచ్చి అద్దె బస్సుల వివరాలు చెప్పాలి. రవాణా శాఖవారు ట్రాలీ ఆటోల యజమానులను పిలిచి హెచ్చరించాలి.

ఊరి పెద్దలు కూడా ఒక్క మాట మీద నిలబడాలి. సీటు లేని మనిషిని ఎక్కించవద్దు. బండి చాలకపోతే రెండో బండి పెట్టుకోవాలి. అందుకు స్తోమత లేకపోతే ఈసారికి కొందరు ఆగి, వచ్చే ఏడు వెళ్లాలి.