పాత్ర రంగు మనకూ అంటుతుంది

కొత్త ఎర్రచొక్కాను తెల్లబట్టలతో కలిపి నానబెడితే ఏమవుతుందో మీకు తెలుసు. దాని రంగు దిగి తెల్లబట్టలకు పట్టుకుంటుంది. వేషం కట్టి ఆడే ఆటల్లో మనసుకు జరిగేది ఇలాంటిదే. ఆ ఆటలు రూపొందించేవారు దీన్ని ‘బ్లీడ్’ అంటారు. బట్ట రంగు దిగడాన్ని కూడా ఆంగ్లంలో అలాగే అంటారు లెండి. అమెరికాకు చెందిన ఆటల రూపకర్త ఎమిలీ కేర్ బాస్ 2007లో ఈ మాటను వాడుకలోకి తెచ్చారు.

1974లో అమెరికాలో ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అనే ఆట వెలువడింది. బల్ల చుట్టూ కూర్చున్నవారిలో ఒకరు యోధుడు, మరొకరు మాంత్రికుడు. మాటలతో కథ నడుపుతారు, పాచికలు వేసి ఫలితం తేలుస్తారు. కథలో నేస్తం ద్రోహం చేస్తే మోసపోయినవాడు యోధుడే. మరి ఆట ముగిసి ఇంటికి నడిచి వెళ్తున్నప్పుడు కోపం ఎవరిది?

ప్రమాదం కల్పితమని తెలిసినా గుండె వేగంగా కొట్టుకుంటుంది. అడ్రినల్ గ్రంథులు తమ పని తాము చేస్తాయి. “ఆట అయిపోయింది” అనగానే ఆ ఉద్రేకం చల్లారదు. కొంత వ్యవధి పడుతుంది. ఈలోగా ఎవరు పలకరించినా చిరాకే! రంగు ఎదురు దిశలోనూ పాకుతుంది. పొద్దున ఇంట్లో చీవాట్లు తిన్నవాడు సాయంత్రం ఆటలో రాజై భటుల మీద విరుచుకుపడతాడు.

2007లో నిక్ యీ, జెరెమీ బెయిలెన్సన్ అనే పరిశోధకులు ఒక ప్రయోగం చేశారు. కంప్యూటర్ సృష్టించిన లోకంలో కొందరికి పొడవైన రూపం, కొందరికి పొట్టి రూపం ఇచ్చి డబ్బు పంచుకోమన్నారు. పొడవు రూపం దొరికినవారు గట్టిగా బేరమాడారు. పొట్టి రూపం వచ్చినవారు అన్యాయమైన వాటాకూ ఎక్కువగా ఒప్పుకున్నారు!

1980లలో అమెరికాలో కొందరు పెద్దలు ఈ ఆటలు పిల్లలను పాడుచేస్తున్నాయని గగ్గోలు పెట్టారు. నిషేధించాలన్నారు. నేను ఒప్పుకోను. ఇతరుల బాధ మనకు అంటేది కూడా ఈ దారినే కదా! “ఉత్త ఆటే, వదిలేయ్” అనేవారితోనూ నాకు పేచీ ఉంది. ఆటలోకి ప్రవేశించడానికి నియమాలు రాసినవారు బయటికి రావడానికీ రాయాలి. స్వీడన్, ఫిన్లాండ్ వంటి దేశాల్లో వేషాలు కట్టి ఆడే ఆటలు ముగిశాక చాలాచోట్ల అందరూ కూర్చుని ఏమనిపించిందో చెప్పుకుంటారు. అదీ ఆటలో భాగమే.

మన బడుల్లో ఏం జరుగుతోంది? వార్షికోత్సవంలో దుశ్శాసనుడి వేషం కట్టిన కుర్రవాణ్ణి ఏడాది పొడవునా “ఒరే దుశ్శాసనా!” అని పిలుస్తారు. అతను వేషం ఎప్పుడో విప్పేశాడు, మనమే విప్పనివ్వడం లేదు. ఈ ఏడాది మీ నాటకం అయ్యాక అతను మొహం కడుక్కుని రాగానే అసలు పేరుతో పిలవండి. ద్రౌపది వేసిన అమ్మాయి, అతను, మిగతా అందరూ ఒకే వరుసలో కూర్చుని పులిహోర తినండి.